ఆలస్యం ఖరీదెంత?

క్వాంటమ్ కంప్యూటర్ ఇంతవరకు ఎవరి పనీ చక్కబెట్టలేదు. అయినా దాని భయంతో ప్రపంచమంతా డిజిటల్ తాళాలు మార్చుకుంటోంది. పనికొస్తుందో లేదో తేలని యంత్రాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?

2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఒక మాటన్నారు. బాగా పనికొచ్చే క్వాంటమ్ కంప్యూటర్లు పదిహేనేళ్లలో వస్తాయంటే అది తొందరపాటు అంచనా, ముప్పై ఏళ్లంటే కాస్త ఆలస్యపు అంచనా అని ఆ మాట సారాంశం. ఆ ఒక్క మాటకే అయాన్‌క్యూ, రిగెట్టి వంటి కంపెనీల షేర్లు ఒక్కరోజులో 40 శాతం అటూ ఇటుగా పడిపోయాయి. అదే ఏడాది జూన్‌లో పారిస్‌లో మాట్లాడుతూ ఆయనే ఈ రంగం కీలకమైన మలుపు దగ్గరికి వస్తోందన్నారు. పడిన షేర్లు లేచాయి. ఈ అయిదు నెలల్లో భౌతికశాస్త్ర సూత్రాలేమీ మారలేదు. ఆ రెండు మాటల నడుమే, మే నెలలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ నిర్మిస్తామని ప్రకటించింది. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో నడిచే ఐబీఎం యంత్రాన్ని అక్కడికి తెస్తామంది. దాంతో తెలుగునాట క్వాంటమ్ చర్చ ప్రయోగశాల గడప దాటి వీధిలోకి వచ్చింది. వెంటనే ఎదురు ప్రశ్న కూడా వచ్చింది: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?

న్యాయమైన ప్రశ్నే. దానికి రెండు తేలిక జవాబులు చలామణిలో ఉన్నాయి. భవిష్యత్తంతా క్వాంటమ్‌దే, ఇప్పుడు ఎక్కకపోతే బండి వెళ్లిపోతుందనేది మొదటిది. ముందు ఏదైనా చేసి చూపించమనండి, తర్వాత చూద్దామనేది రెండోది. ఎదురెదురుగా కనిపించే ఈ రెండింటిలోనూ దాగి ఉన్న ఊహ ఒక్కటే. ఉపయోగం ఎంత దగ్గర్లో ఉందో తేల్చుకుంటే, ఎంత పట్టించుకోవాలో తేలిపోతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఆ తేదీ ఎవరికీ తెలియదు కనుక ఆ వాదన ఎప్పటికీ తెగదు. లెక్క వేయాల్సింది ఇంకో వైపు నుంచి. పట్టించుకోవడంలో ఆలస్యమైతే నష్టమెంత? ఆ నష్టాన్ని తర్వాత పూడ్చుకోగలమా? ఈ ప్రశ్న వేస్తే క్వాంటమ్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయని తెలుస్తుంది. ఒకదానికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. రెండోదాన్ని నిదానంగా, ఆపకుండా చేయాలి. మూడోదానికి తొందరేమీ లేదు.

ఇప్పటిదాకా తేలిందేమిటి

సందేహించేవాళ్ల మాటలో నిజమెంతో ముందు చూద్దాం. మామూలు కంప్యూటర్‌లో బిట్ 0 గానో 1 గానో ఉంటుంది. క్యూబిట్ ఆ రెండూ కలగలిసిన స్థితిలో ఉండగలదు. 50 క్యూబిట్లు కలిసి ఉన్న స్థితిని పూర్తిగా కాగితం మీద పెట్టాలంటే 2ను 50 సార్లు హెచ్చవేసినన్ని, అంటే సుమారు 1,126 లక్షల కోట్ల సంఖ్యలు కావాలి. ఇక్కడినుంచే అపోహ మొదలవుతుంది. క్వాంటమ్ కంప్యూటర్ అన్ని సమాధానాలనూ ఒకేసారి సరిచూస్తుందని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. కొలిచి చూసిన క్షణంలో బయటికొచ్చేది ఒక్క సమాధానమే. చెరువులో వేసిన రెండు రాళ్ల అలలు ఒకచోట కలిసి ఉబ్బి, ఇంకోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకున్నట్టు, తప్పు సమాధానాల పాళ్లు రద్దయిపోయి సరైనదాని పాలు పెరిగేలా లెక్కను అల్లడమే అసలు విద్య. అలా అల్లడం కుదిరే సమస్యలు ఇంతవరకు తెలిసినవి కొద్దే. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి కనిపెట్టాడు. 1996లో అక్కడే, ఐఐటీ ఢిల్లీలో చదువుకున్న లవ్ గ్రోవర్ వెతుకులాటను వేగవంతం చేసే పద్ధతి చెప్పాడు. దాని ప్రకారం లక్ష కోట్ల అంశాల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి పది లక్షల అడుగుల స్థాయిలో సరిపోతుంది. కాకపోతే క్వాంటమ్ యంత్రం వేసే ఒక్కో అడుగూ చాలా నెమ్మది. తప్పులు దిద్దుకునే భారం కూడా కలిస్తే ఆ లాభంలో చాలాభాగం దారిలోనే కరిగిపోతుంది.

చేతల లెక్క ఇంకా సన్నంగా ఉంది. 2001లో ఐబీఎం పరిశోధకులు 7 క్యూబిట్లతో షోర్ పద్ధతిని నడిపి 15ను 3, 5గా విడగొట్టారు. 2019లో గూగుల్ తన 53 క్యూబిట్ల సికమోర్ చిప్ 200 సెకన్లలో చేసిన పనికి మహా కంప్యూటర్‌కు పదివేల ఏళ్లు పడుతుందంది. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే ఖండించింది. తర్వాత చైనా పరిశోధకులు 512 గ్రాఫిక్ ప్రాసెసర్లతో అలాంటి పనినే 15 గంటల్లో ముగించి చూపారు. పైగా ఆ పని యాదృచ్ఛిక సంఖ్యల నమూనాలు తీయడం. దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఎరువులు, మందులు, బ్యాటరీల తయారీలో విప్లవం వస్తుందన్న మాటకూ గట్టి పునాది ఇంకా పడలేదు. రసాయన అణువుల శక్తి స్థాయిలను లెక్కగట్టడంలో క్వాంటమ్ యంత్రానికి ఘాతాంక స్థాయి ఆధిక్యం ఉంటుందనడానికి సాధారణంగా చూపే ఆధారాలను, కాల్‌టెక్‌కు చెందిన గార్నెట్ చాన్, ఆయన సహచరులు 2023లో పరిశీలించారు. అలాంటి ఆధిక్యం విస్తృతంగా ఉందనడానికి రుజువు దొరకలేదని తేల్చారు. పనికొచ్చే ఒక సమస్యను క్వాంటమ్ యంత్రం మామూలు కంప్యూటర్ కంటే చవకగా, తిరుగులేకుండా పరిష్కరించిన ఉదాహరణ ఈరోజుకీ లేదు.

అయితే ఒక విషయంలో మాత్రం నేల గట్టిపడింది. క్యూబిట్లు మహా సున్నితం. వెయ్యి పనులు చేయిస్తే కొన్నిసార్లు తప్పుతాయి. పనికొచ్చే లెక్కలకు కోట్ల పనులు వరుసగా తప్పకుండా జరగాలి. చాలా క్యూబిట్లను కలిపి ఒక నమ్మకమైన క్యూబిట్‌గా వాడుకోవచ్చనీ, విడి భాగాల తప్పులు ఒక హద్దుకు దిగువన ఉంటే గుంపు పెరిగేకొద్దీ తప్పులు తగ్గుతాయనీ 1990ల నుంచే సిద్ధాంతం చెబుతోంది. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద అది నిజంగా జరిగింది. 3×3 గడి నుంచి 5×5కు, అక్కడినుంచి 7×7కు పోయేకొద్దీ తప్పుల రేటు ప్రతి మెట్టుకూ సగానికి పైగా తగ్గింది. ఇది ఉపయోగానికి రుజువు కాదు. ఉపయోగానికి అడ్డుగా ఉన్న పెద్ద గోడ దాటలేనిది కాదనడానికి రుజువు.

తాళాలు మార్చే పని

మొదటి పని సమాచార రక్షణ. బ్యాంకు లావాదేవీ, ప్రభుత్వ డిజిటల్ సంతకం, ఆసుపత్రి రికార్డు, రక్షణ శాఖ సందేశం. వీటి భద్రత చాలావరకు 1970ల చివర పుట్టిన గణితం మీదే నిలబడి ఉంది. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ పద్ధతి బలమంతా పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడంలోని కష్టమే. తగినంత పెద్ద క్వాంటమ్ యంత్రం వస్తే షోర్ పద్ధతి ఆ కష్టాన్ని తీసేస్తుంది. తగినంత పెద్దదంటే ఎంత? 2,048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని 8 గంటల్లో విప్పడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా లెక్కగట్టారు. అదే గిడ్నీ 2025 మేలో 10 లక్షల లోపు క్యూబిట్లతో వారంలోపే పని అవుతుందని కొత్త లెక్క ఇచ్చాడు. నేటి యంత్రాల్లో చాలావాటిలో ఉన్నవి వందల్లోనే. ఐబీఎం 2023లో చేసిన కాండర్ చిప్‌లో 1,121 ఉన్నాయి. దూరం ఇంకా చాలా ఉంది. కానీ ఆరేళ్లలో కావలసిన క్యూబిట్లు ఇరవయ్యో వంతుకు పడిపోవడానికి కొత్త యంత్రమేదీ అవసరపడలేదు, కాగితం మీది ఆలోచన చాలింది. యంత్రాల పరిమాణాన్ని మాత్రమే చూస్తూ కూర్చున్నవారికి ఈ మార్పు కనిపించేదే కాదు.

కెనడా గణిత శాస్త్రవేత్త మిషెల్ మోస్కా దీన్ని ఒక చిన్న లెక్కగా పెట్టాడు. మన రహస్యం ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలో, తాళాలు మార్చడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడండి. ఆ మొత్తం యంత్రం రావడానికి పట్టే కాలాన్ని మించితే ఇప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఎందుకంటే ఇవాళ గుప్తంగా పంపిన సమాచారాన్ని ఎవరైనా పట్టి దాచుకుని, యంత్రం వచ్చాక విప్పి చదవవచ్చు. మారే తాళం రేపటి సందేశాన్ని కాపాడుతుంది, నిన్న దొంగిలించిన ప్రతిని కాపాడలేదు. తాళాలు మార్చడానికి ఎంతకాలం పడుతుందో ఊహించుకోనక్కర లేదు, అనుభవం ఉంది. షా-1 అనే హ్యాష్ పద్ధతిలో బలహీనత ఉందని 2005లో చైనా గణితవేత్త వాంగ్ షియావ్‌యున్ బృందం చూపింది. 2017లో దాన్ని ఆచరణలో బద్దలు కొట్టారు. దాని వాడకాన్ని పూర్తిగా ఆపడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టుకున్న గడువు 2030 డిసెంబరు 31. ఒక్క పద్ధతిని వదిలించుకోవడానికి పాతికేళ్లు.

కొత్త తాళాలను నమ్మడానికి పట్టే కాలం ఇంకో కథ. క్వాంటమ్ దాడికి తట్టుకునే పద్ధతుల కోసం నిస్ట్ 2016లోనే పోటీ ప్రకటించింది. వచ్చినవాటిలో రెయిన్‌బో అనే సంతకాల పద్ధతి చివరి దశ దాకా నిలిచింది. 2022లో ఒక పరిశోధకుడు మామూలు ల్యాప్‌టాప్‌తో వారాంతంలోనే దాన్ని విప్పేశాడు. అదే ఏడాది సైక్ అనే మరో పద్ధతి ఒకే ప్రాసెసర్ కోర్ మీద గంట సేపట్లో కూలింది. క్వాంటమ్ యంత్రం అక్కర్లేకుండానే, పాత కంప్యూటర్ల చేతిలోనే. ఇలా వడపోతలు దాటి నిలిచిన మూడు ప్రమాణాలు 2024 ఆగస్టులో వెలువడ్డాయి. యంత్రం తలుపు తట్టాకే ఈ పని మొదలుపెట్టి ఉంటే, విరిగిపోయే తాళాలను హడావిడిగా బిగించుకునేవాళ్లం. సిగ్నల్ యాప్ 2023లో, యాపిల్ ఐమెసేజ్ 2024లో కొత్త రక్షణను చేర్చాయి. యంత్రం ఎన్నటికీ రాకపోతే ఇదంతా వృథా కదా అంటే, పాత పద్ధతులు ఎక్కడెక్కడ వాడుతున్నామో తెలుసుకుని, మార్చడానికి వీలుగా వ్యవస్థలను సర్దుకోవడం ఏ దాడినైనా తట్టుకోవడానికి పనికొచ్చేదే. ఆగితే జరిగే నష్టం మాత్రం తిరిగిరాదు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం. అందుకే ఆధార్, బ్యాంకింగ్, భూ రికార్డులు, ఆరోగ్య సమాచారం డిజిటల్ అయిన మనలాంటి దేశానికి ఆగే వెసులుబాటు లేని పని ఇదే.

మనుషులు తయారయ్యే కాలం

రెండో పని జ్ఞానం. 2025 భౌతికశాస్త్ర నోబెల్ జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు దక్కింది. కంటికి కనిపించేంత పెద్ద విద్యుత్ వలయంలోనూ క్వాంటమ్ ప్రవర్తన ఉంటుందని 1984, 1985ల్లో బర్క్‌లీలో వాళ్లు చేసిన ప్రయోగాలు నిరూపించాయి. అప్పుడు క్వాంటమ్ కంప్యూటర్ కట్టాలన్నది వారి లక్ష్యం కాదు. నేడు గూగుల్, ఐబీఎం వాడే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు ఆ వలయాల వారసత్వమే. నాడు పరిశోధక విద్యార్థిగా ఉన్న మార్టినిసే 2019 సికమోర్ బృందానికి నాయకుడయ్యాడు. సిద్ధాంతంలోనూ ఇదే వరస. 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ప్రకృతిని అనుకరించడానికి క్వాంటమ్ యంత్రం కావాలన్నాడు. 1985లో డేవిడ్ డాయిష్ దానికి గణిత రూపమిచ్చాడు. 1993లో ఈథన్ బెర్న్‌స్టయిన్, ఉమేశ్ వజీరాని, ఆ తర్వాత డేనియల్ సైమన్, ఎవరికీ అక్కరకు రాని కృత్రిమ సమస్యలు సృష్టించి వాటిలో క్వాంటమ్ ఆధిక్యం చూపారు. సైమన్ చూపిన దారి పట్టుకునే షోర్ ప్రపంచ భద్రతను కుదిపిన పద్ధతికి చేరుకున్నాడు. ఈ గొలుసులో ప్రతి కొక్కీ దగ్గరా ఉపయోగం చూపించమని అడిగి ఉంటే తర్వాతి కొక్కీ పడేది కాదు.

ఈ శ్రద్ధ క్వాంటమ్ యంత్రం లేకుండానే ఫలించిన సందర్భమూ ఉంది. వినియోగదారులకు నచ్చే వస్తువులను సిఫారసు చేయడంలో క్వాంటమ్ యంత్రం ఎన్నో రెట్లు వేగంగా ఉంటుందని 2016లో అయోర్డానిస్ కెరెనిడిస్, అనుపమ్ ప్రకాశ్ ఒక పద్ధతి చెప్పారు. మామూలు కంప్యూటర్‌కు అది సాధ్యం కాదని నిరూపించే పనిని టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఆరన్‌సన్ తన విద్యార్థిని ఎవిన్ టాంగ్‌కు అప్పగించాడు.  2018లో, 18 ఏళ్ల వయసులో, ఆమె తేల్చింది దానికి పూర్తి విరుద్ధం. మామూలు కంప్యూటర్‌కూ దాదాపు అంత వేగం సాధ్యమేనని కొత్త పద్ధతి రాసి చూపింది. క్వాంటమ్ ఆశల జాబితా నుంచి ఒక పేరు చెరిగిపోయింది, మామూలు కంప్యూటర్ల విద్య ఒక మెట్టెక్కింది. ఒక రంగం ఆరోగ్యంగా ఉందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. సందేహమే అక్కడ పరిశోధనగా మారుతోంది.

ఇలాంటి మనుషులను అవసరం పడినప్పుడు బజారులో కొనుక్కోలేం. క్యూబిట్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దగ్గరికి చల్లబరిచే యంత్రాలు తెలిసినవారు, మైక్రోవేవ్ సంకేతాలతో వాటిని అదుపు చేసేవారు, దోష సవరణ గణితం వచ్చినవారు తయారవడానికి పదేళ్లు పడుతుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2030-31 వరకు కేటాయించింది 6,003.65 కోట్ల రూపాయలు. బెంగళూరు ఐఐఎస్‌సీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీల చుట్టూ నాలుగు కేంద్రాలు ఏర్పాటయ్యాయి. 2024లో డీఆర్‌డీవో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, టీసీఎస్ కలిసి 6 క్యూబిట్ల ప్రాసెసర్‌ను పరీక్షించాయి. 2025లో బెంగళూరు కంపెనీ క్యూపీఏఐ 25 క్యూబిట్ల యంత్రం ప్రకటించింది. ప్రపంచ పోటీలో ఇవి చిన్న అంకెలే. వాటిని చేతులారా కట్టినవారి అనుభవం మాత్రం దేశంలోనే ఉండిపోతుంది.

ఎదురు వాదనలు

మొదటి అభ్యంతరం డబ్బు గురించి. బడుల్లో ప్రయోగశాలలు లేని దేశానికి క్వాంటమ్ అవసరమా? మిషన్ ఖర్చు ఏడాదికి సగటున 750 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ సుమారు 50.65 లక్షల కోట్లు. అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో ఒకటిన్నర పైసా. ఈ ఒకటిన్నర పైసా ఆపితే బడుల కొరత తీరుతుందనడం నిజాయితీ గల లెక్క కాదు. కానీ అభ్యంతరం పూర్తిగా తేలిపోదు. డబ్బు కంటే విలువైనది యువత చదువు మీద పెట్టే ఏళ్లు. రాని ఉద్యోగాల కోసం వేలమందిని ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుల్లోకి తోలితే ఆ నష్టం ఏ బడ్జెట్ లెక్కలోనూ కనిపించదు.

రెండోది చరిత్ర నుంచి వచ్చేది. లేజర్ పుట్టినప్పుడూ దాని ఉపయోగం ఎవరికీ తెలియదు, కనుక క్వాంటమ్‌నూ నమ్మాలి అని ఈ రంగం అభిమానులు వాదిస్తారు. ఈ వాదన కుంటిది. గెలిచినవాటి పేర్లే మనకు గుర్తుంటాయి. 1982లో జపాన్ అట్టహాసంగా మొదలుపెట్టిన అయిదో తరం కంప్యూటర్ల పథకం పదేళ్ల తర్వాత అనుకున్నది సాధించకుండానే ముగిసింది. అందుకే ఇక్కడి వాదన లేజర్ మీద ఆధారపడలేదు. క్వాంటమ్ కంప్యూటర్ జపాన్ పథకంలా ముగిసినా, తాళాలు మార్చుకోవడం, కొద్దిమంది నిపుణులను తయారుచేసుకోవడం దండగ కావు. ఓడినా మిగిలే లాభం ఎంతో చూసి చేసే ఖర్చుకూ, గెలిస్తేనే లాభముండే ఖర్చుకూ ఉన్న తేడా ఇది.

మూడోది అన్నిటికంటే లోతైనది. తప్పులు ఒకదాంతో ఒకటి ముడిపడి పెరుగుతాయనీ, పెద్ద క్వాంటమ్ యంత్రం సూత్రరీత్యానే అసాధ్యమనీ ఇజ్రాయెల్ గణితవేత్త గిల్ కలాయ్ ఏళ్లుగా వాదిస్తున్నారు. విల్లో ఫలితం ఆ వాదనకు ఎదురుగానే ఉంది, అయితే 105 క్యూబిట్లకూ పది లక్షల క్యూబిట్లకూ మధ్య ఏం దాగి ఉందో ప్రయోగమే చెప్పాలి. ఒకవేళ కలాయ్ మాటే నిజమైతే, మనకు తెలిసిన క్వాంటమ్ సిద్ధాంతం ఎక్కడో ఆగిపోతుందనో, ప్రకృతిలో ఇంతవరకు గుర్తించని అవరోధం ఉందనో అర్థం. దానంత విలువైన ఫలితం యంత్రం పనిచేసినా రాదేమో. ఇంతకీ ఈ సందేహాన్ని తీర్చుకోవాలన్నా యంత్రాన్ని కట్టి చూడక తప్పదు.

అమరావతిని అడగాల్సినవి

మూడో పని వ్యాపారం: క్వాంటమ్‌తో సరుకు రవాణా, మందుల తయారీ, షేర్ మార్కెట్ సమస్యలు తీరుస్తామనే ఒప్పందాలు. ఇందులో ఆలస్యానికి ఖరీదు దాదాపు లేదు. నిజంగా పనికొచ్చే పద్ధతి దొరికిన రోజున యంత్ర కాలాన్ని ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకోవచ్చు. ఐబీఎం 2016లోనే 5 క్యూబిట్ల యంత్రాన్ని అందరికీ ఆన్‌లైన్‌లో తెరిచింది. కనుక యంత్రం మన ఊళ్లో ఉండటమే ఘనత అనుకుంటే పొరపాటు. తెచ్చిపెట్టిన ప్రాసెసర్ కొన్నేళ్లకు పాతబడుతుంది. దానిచుట్టూ పెరిగిన మనుషులే పాతబడకుండా ఉండాలి.

అమరావతి ప్రయత్నాన్ని కొట్టిపారేయడం తొందరపాటు, పొగిడేయడం అంతకంటే తొందరపాటు. దాన్ని ఏటా కొలవడానికి వీలైన ప్రశ్నలున్నాయి. యంత్రం సమయంలో ఎన్ని గంటలు రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు దక్కాయి? అక్కడ చేసిన లెక్కను ఉత్తమమైన మామూలు పద్ధతితో పోల్చి చూశారా, ఓడిపోయిన సందర్భాలనూ ప్రచురించారా? శీతలీకరణ, మైక్రోవేవ్ పరికరాల్లో ఏ ఒక్కటైనా ఇక్కడ తయారవడం మొదలైందా? విద్యార్థులకు సర్టిఫికెట్ కంటే ముందు రేఖీయ బీజగణితం, సంభావ్యత, ప్రయోగశాల నైపుణ్యం గట్టిగా అందుతున్నాయా? అన్నిటికంటే ముఖ్యం, రాష్ట్ర ప్రభుత్వపు సొంత డేటా కేంద్రాలు, రిజిస్ట్రేషన్ల శాఖ, ఆరోగ్య రికార్డులు ఏ ఏడాదికల్లా కొత్త తాళాలకు మారతాయో తేదీ ప్రకటించారా? క్వాంటమ్ యంత్రానికి శంకుస్థాపన చేసే ప్రభుత్వమే ఆ యంత్రం విప్పగల తాళాలతో ప్రజల సమాచారాన్ని దాస్తుంటే, దాని ప్రాధాన్యాలు తలకిందులైనట్టే.

ఈ ప్రశ్నల్లో దేనికీ క్వాంటమ్ కంప్యూటర్ పనికొస్తుందని ముందే నమ్మాల్సిన పని లేదు, పనికిరాదని తీర్మానించుకోవాల్సిన పనీ లేదు. తాళాల మార్పుకు గడువు ఈ దశాబ్దమే. మనుషుల తయారీకి తక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక కావాలి. వ్యాపార వాగ్దానాలు తమంతట తాము రుజువు చేసుకునేదాకా వేచి ఉండగలవు. ఈ వరసలో నడిచే రాష్ట్రం హువాంగ్ జనవరి మాట నిజమైనా నష్టపోదు, జూన్ మాట నిజమైనా వెనకబడదు.